మిషన్‌కు కామెర్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను మరిచిపోయే మనిషిని కాను. నన్ను "ఏయ్" అని పిలిచిన డాక్టరు ఏ కేసు మధ్యలో పిలిచాడో, అప్పుడు చేతిలోకి ఏ పరికరం అందుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. మా నర్సింగ్ హోమ్‌లో కొత్త ఆపరేషన్ థియేటర్ తెరిచిన రోజు రిబ్బన్ కత్తిరించడానికి కత్తెర కావాలన్నారు. నా కత్తెరల్లో మంచిది ఏరి, తుడిచి, పళ్లెంలో పెట్టి పంపాను. పళ్లెం తిరిగి వచ్చింది గానీ బయటికి రమ్మని నన్ను పిలిచినవాళ్లు లేరు. ఆ రోజు తీసిన ఫోటో ఇప్పటికీ వరండాలో ఉంది. డాక్టరు గారి బావమరిది కారు డ్రైవరు కూడా అందులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను లోపల పరికరాలు ఉడికించే ఆటోక్లేవ్ దగ్గర ఉన్నాను. ఆవిరి దిగేదాకా ఎవరో ఒకరు కాచుకోవాలి కదా.

"అక్కా, నువ్వు సచ్చినంక గూడ ఎవ్వరి మీదనో ఒకరి మీద ఫిర్యాదు రాసిపెడ్తవ్" అంటుంది మా చెల్లెలు. రాసిపెడతాను. అవన్నీ నా సొంత లెక్కలు, వాటి జోలికి ఇవాళ పోను. కోర్సు చదివి, సర్టిఫికెట్ పట్టుకుని థియేటర్ ఉద్యోగాలకు వస్తున్న పిల్లల కోసం ఒక మధ్యాహ్నం గురించి రాస్తున్నాను. చదివి మీరు ఏదో నేర్చుకుంటారని నాకు పెద్ద ఆశ లేదు. అయినా రాస్తున్నాను.

మాది ఆర్మూర్. నేను ఆ నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరి, తుడుస్తూ, ఉతుకుతూ, చూస్తూ చూస్తూ సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందించే దాకా వచ్చాను. ఎవరూ పాఠం చెప్పలేదు. తప్పు పరికరం ఇస్తే చేతి మీద కొట్టేవారు, అదే పాఠం. నర్సింగ్ హోమ్ యజమానీ సర్జనూ ఒకరే. మేమంతా పెద్ద సారు అనేవాళ్లం. గొంతు పెంచే మనిషి కాదు. కోపం వస్తే మాట్లాడడం మానేసి చెయ్యి మాత్రం చాపేవాడు. ఆ చేతిలో ఏం పెట్టాలో నాకు తెలియాలి. అన్నేళ్లలో నా పేరు ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. బహుశా తెలియదు.

మత్తు డాక్టరు వేరు. ఆయన మా ఒక్కరికే కాదు, ఊరిలోని థియేటర్లన్నిటికీ దిక్కు. కారులో సంచీ పెట్టుకుని ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకోదానికి తిరుగుతూ ఉండేవాడు. మాకు వచ్చి, పేషెంటును కూర్చోబెట్టి వెన్నులో సూది ఇచ్చి, కాళ్లు మొద్దుబారాయో లేదో గిల్లి చూసి, బీపీ నిలబడేదాకా స్టూలు మీద కూర్చునేవాడు. తర్వాత ఫోన్ మోగేది. "జర చూస్తుండుండ్రి, వోయొస్తా" అని వెళ్లిపోయేవాడు. కుట్లు వేసే వేళకు వస్తే వచ్చినట్టు. పుస్తకాల్లో అది తప్పు. ఆర్మూర్‌లో అది పద్ధతి. పేషెంట్లకు ఆ సంగతి తెలియదు. మొహానికి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కడతాం కదా, ఎవరు ఉన్నారో ఎవరు లేరో వాళ్లకేం కనబడుతుంది?

మనిషి సరదా మనిషి. నన్ను కాస్త మనిషిగా చూసింది కూడా ఆయనే, అది నేను దాచను. "ఏమమ్మా థియేటర్ మహారాణీ, చాయ్ తాగినవా?" అని అడిగేవాడు. నేను చెప్పబోయే జోకు పుట్టింది కూడా ఆయన నోట్లోనే.

అప్పటికి మాకు కొత్త మానిటర్ వచ్చి ఎంతోకాలం కాలేదు. వేలికి క్లిప్పు పెడితే రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంకె చూపిస్తుంది. అంకె తగ్గితే అరుస్తుంది. పసుపు ఉడకబెట్టే రోజులు. ఆ కాలంలో మా థియేటర్‌కి వచ్చే చేతులన్నీ పసుపే. తవ్వేవాళ్లవి, కొమ్ములు విరిచేవాళ్లవి, కడాయిల దగ్గర నిలబడేవాళ్లవి, మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్లవి. గోళ్ల అంచుల్లో, అరచేతి గీతల్లో దిగిన ఆ రంగు సబ్బుకు కదలదు. స్పిరిట్ పెట్టి రుద్దితే దూది పచ్చబడుతుంది గానీ చెయ్యి తెల్లబడదు.

ఏర్గట్ల నుంచి ఒక పెద్దాయన హెర్నియా ఆపరేషన్‌కి వచ్చాడు. వేలికి క్లిప్పు పెట్టగానే మానిటర్ అరవడం మొదలుపెట్టింది. అంకె చూస్తే మనిషి ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది. అందరం పరుగెత్తాం. ఆక్సిజన్ అన్నారు, మాస్కు అన్నారు. ఆయనేమో నిమ్మళంగా పడుకుని, "ఏందయ్యా గా పిట్ట అరుసుడు? దాన్ని జర బయటికి తోలరాదు?" అంటున్నాడు. మత్తు డాక్టరు క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకున్నాడు. అంకె బాగా చూపించింది. మళ్లీ పెద్దాయన వేలికి పెట్టాడు. మళ్లీ అరుపు. డాక్టరు ఆ పెద్దాయన చెయ్యి ఎత్తి, ఆ పసుపు గోళ్లను దీపం కింద తిప్పి చూసి పకపకా నవ్వాడు.

"ఓర్నీ, మనిషికేం గాలేదు. మిషన్‌కే కామెర్లైనయ్!"

పెద్ద సారు కూడా నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ పెద్దాయన చెయ్యి ఏసీ చలికి బిగుసుకుపోయి ఉండవచ్చు. క్లిప్పు సరిగ్గా పట్టి ఉండకపోవచ్చు. ఇంకో చేతికి పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. అందరం నవ్వాక ఇక చూసేదేముంది?

అప్పటి నుంచి ప్రతి పసుపు కాలంలోనూ అదే మాట. మానిటర్ అరిస్తే ఎవరో ఒకరు "కామెర్లు" అనేవారు, ఎవరో ఒకరు అలారం నొక్కి ఆపేసేవారు. కొత్తగా చేరిన నర్సులకు చీపురు ఎక్కడుందో, గ్లౌజులు ఎక్కడున్నాయో చెప్పినట్టే ఇది కూడా చెప్పేవాళ్లం. వేరే నర్సింగ్ హోమ్‌లకు కూడా పాకింది. మత్తు డాక్టరు ఎక్కడికి పోతే అక్కడికి ఆయన సంచీతో పాటు ఆ జోకు కూడా పోయేది కదా. నిజంగా పసుపుకు మిషన్ తడబడుతుందా లేదా అని ఏ డాక్టరూ పుస్తకం తీసి చూసినట్టు నాకు తెలియదు. చాలాసార్లు ఆ అరుపుకు ఏమీ కాలేదు. మనుషులు లేచి ఇళ్లకు పోయారు. ఏమీ కాని ప్రతిసారీ మా నమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

ఆమె దొంకేశ్వర్ దిక్కు నుంచి వచ్చింది. వయసు నలభై లోపే. గర్భసంచి తీయాలన్నారు. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమా అని నేను అడగలేదు, అడిగే హోదా నాకు లేదు. నెలల తరబడి రక్తం పోతూ ఉంటే పొలం పని చేసుకుంటూ వచ్చిన మనిషి. మొగుడూ తనూ కౌలుకు పసుపు వేశారు. ఉడకబెట్టడం ముందు రోజు దాకా నడిచిందట. ఇప్పుడు ఆపరేషన్ అయితే ఎండాకాలమంతా పడుకుని, వానలు పడేసరికి లేచి మళ్లీ పొలంలో నిలబడవచ్చని ఆమె లెక్క.

టేబుల్ ఎక్కేటప్పుడు చాలామంది వణుకుతారు. ఆమె చుట్టూ చూసి, "సల్లగుందక్కా మీ ఇల్లు. మా ఆయనను గూడ పిలవరాదు, ఆయన గూడ పండుకుంటడు" అంది. నేను అప్పటికే చేతులు కడుక్కుని, గౌను, గ్లౌజులు తొడుక్కుని ట్రే సర్దుతున్నాను. ఒకసారి గ్లౌజులు తొడిగాక మేం స్టెరైల్ కానిది ఏదీ ముట్టకూడదు. చేతులు ఛాతీ ముందు పెట్టుకుని నిలబడాలి. నోరు మాత్రమే మనది.

"మీ ఆయనకు ఏమైంది పండుకోనీకి?" అన్నాను.

"ఏం గాలే. ఆయనకు చాయ్ వెట్టుకునుడు రాదు. నేను లేసేదాకా ఉపాసమే. గందుకే బయట మొకం ఏలాడేసుకొని కూసున్నడు."

గ్లౌజులు లేకుండా చుట్టూ తిరిగి పని చూసే ఫ్లోర్ నర్సు నవ్వింది. అంకాపూర్ అమ్మాయి, చేరి ఏడాది దాటలేదు. బీపీ పట్టీ కట్టి, వేలికి క్లిప్పు పెట్టింది. మత్తు డాక్టరు ఆమెను వంచి కూర్చోబెట్టి సూది ఇచ్చాడు. పడుకోబెట్టి గిల్లి చూశాడు. "నొస్తుందా?" "లేదు సారూ, కాళ్లు నాయి గానట్టున్నయ్." అంతా సవ్యంగానే ఉంది. పెద్ద సారు వచ్చాడు, చెయ్యి చాపాడు, నేను కత్తి పెట్టాను. పని మొదలైంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఇంకో నర్సింగ్ హోమ్‌లో కాన్పు కష్టంగా ఉందట, సిజేరియన్ చేయాలట. మత్తు డాక్టరు స్టూలు మీద నుంచి లేచాడు. "సార్, వోయొస్తా." పెద్ద సారు తల ఊపాడు. "బీపీ చూస్తుండు బిడ్డా. పడితే గా సిరంజిల మందు ఎక్కియ్యి" అని నర్సుకు చెప్పి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది.

కొంతసేపటికి మానిటర్ అరిచింది.

"సార్, అలారం" అంది నర్సు.

పెద్ద సారు తల ఎత్తలేదు. "ఏ ఊరు?"

"దొంకేశ్వర్ దిక్కు సార్."

"పసుపేనా?"

నర్సు చెయ్యి ఎత్తి చూసింది. "మస్తుంది సార్. గోళ్లల్ల గూడ ఉంది."

"మరింకేం, కామెర్లే. ఆపెయ్ దాన్ని."

నర్సు ఆపేసింది. గుడ్డ అవతలి నుంచి ఆమె గొంతు వినబడింది. "కామెర్లా? నాకా అక్కా?"

"నీక్కాదు చెల్లె, మిషన్‌కు" అన్నాను నేను.

ఆమె నవ్వింది. అందరం నవ్వాం. మాస్కుల వెనక నవ్వులు కనబడవు గానీ భుజాలు కదులుతాయి.

మానిటర్ అప్పుడప్పుడూ మళ్లీ అరుస్తూనే ఉంది, నర్సు నొక్కుతూనే ఉంది. ఆమె "అక్కా, చేతులు బరువైతున్నయ్" అంది. నర్సు వంగి, "భయపడ్డవ్ గంతే. కండ్లు మూసుకో" అంది. కాసేపాగి, "ఊపిరి సాల్తలేదక్కా" అంది. ఆ మాట చాలామంది అంటారు. కడుపు మొద్దుబారితే ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉంటుంది, మందు దిగాక సర్దుకుంటుంది. పెద్ద సారు "కొంచెం నిద్రమందు ఇవ్వు, కదులుతోంది" అన్నాడు. ఇచ్చారు. ఆమె ఇంకోసారి "అక్కా" అంది. నర్సును పిలిచిందో నన్ను పిలిచిందో తెలియదు. గొంతు బాగా చిన్నదైపోయింది. తర్వాత మాట లేదు. నిద్రపోయిందనుకున్నాం.

వెన్నులో ఇచ్చిన మత్తు పైకి పాకింది. చేతుల దాకా, ఊపిరి తీసే కండరాల దాకా పోయింది. ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలికగా ఉందో చూడండి. స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉంటే అప్పుడు కూడా అంతే తేలికగా ఉండేది.

నేను రక్తం అద్దడానికి గాజుగుడ్డ అందించాను. పెద్ద సారు అద్ది తీశాడు. గుడ్డ మీద రక్తం నల్లగా ఉంది. ఇద్దరం ఒకేసారి చూశాం. ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. "రక్తం నల్లగా ఉందేంటి?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరిని అడిగాడో తెలియదు. ఆయన చూపు వెళ్లింది ఖాళీ స్టూలు మీదికి.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పలేను. గుడ్డ లాగేశారు. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. మాస్కు పెట్టి బ్యాగు నొక్కారు. పెద్ద సారు గ్లౌజులతోనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు. నర్సు ఏడుస్తూ ఫోన్ చేసింది. మార్కెట్ రోజు. యార్డు రోడ్డంతా పసుపు ట్రాక్టర్లు. మత్తు డాక్టరు కారు వదిలేసి వాటి మధ్య నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వస్తూనే గొంతులో పైపు దించాడు. గుండె మళ్లీ కొట్టుకుంది.

ఇక్కడ ఒక మాట నిదానంగా చదవండి. పైపు పడ్డాక, ఆక్సిజన్ లోపలికి పోయాక, మానిటర్ అరుపు ఆగింది. ఎవరూ నొక్కలేదు. తనంతట తానే ఆగింది. అంకె పెరుగుతూ పెరుగుతూ పోయి నూటికి దగ్గరగా నిలబడింది. క్లిప్పు అదే వేలికి ఉంది. ఆ వేలు అంతే పసుపుగా ఉంది.

అందరం చూశాం. నర్సు చూసింది, పెద్ద సారు చూశాడు. మత్తు డాక్టరు ఆ చేతిని చూసి, అంకె చూసి, స్టూలు మీద కూలబడ్డాడు.

ఆమెను నిజామాబాద్ పంపారు, అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకుపోయారు. ప్రాణం ఉంది. మనిషి తిరిగి రాలేదు. మెదడుకు చాలాసేపు గాలి అందలేదన్నారు.

అంబులెన్స్ కదలకముందే పెద్ద సారు నన్ను తన గదిలోకి పిలిపించాడు. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోమని ఎన్నడూ అనని మనిషి, ఆ రోజు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"చూడమ్మా, వాళ్లు మీ దిక్కువాళ్లు. నీ మాట అయితే వింటారు. చేతులకు పసుపు ఉండటం వల్ల మిషన్ పట్టలేకపోయింది అని ఆమె భర్తకు చెప్పు. అబద్ధమేమీ కాదు కదా."

"అబద్ధమే సార్. పైపు ఏసినంక గదే ఏలికి మిషన్ మంచిగనే సూపించింది. మీరు గూడ సూసిన్రు."

"నువ్వు డాక్టరువా?"

"కాదు సార్."

"మరి?"

అన్నేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన పెద్ద సంభాషణ అదే. నేను చెప్పనన్నాను. బయటికి వచ్చేశాను. ఆ పని నర్సు మీద పడింది. పాపం, చిన్నపిల్ల, తన ఉద్యోగం పోతుందని భయం. ఆమె మీద నాకు కోపం లేదు. నా దగ్గర ఉన్న కోపం ఆ పిల్ల దాకా సరిపోదు.

తలుపు అద్దంలోంచి చూశాను. ఆమె మొగుడు ఆమె చెప్పులు రెండూ ఒక చేత్తో పట్టుకుని నిలబడి వింటున్నాడు. నర్సు తన వేలు పట్టుకుని, క్లిప్పు ఎలా పెడతారో చూపిస్తోంది. అతను తల ఊపుతున్నాడు. ప్రశ్న ఏమీ అడగలేదు. తిట్టలేదు. చివరికి చెప్పులు చంకలో పెట్టుకుని తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. అవీ పసుపే. కండువాలో దాచుకున్నాడు.

మరునాటి నుంచి నన్ను థియేటర్‌లోకి రానివ్వలేదు. వెనక గదిలో గుడ్డలు మడతపెట్టి డ్రమ్ముల్లో సర్దే పని ఇచ్చారు. "మోకాళ్ల నొప్పులు కదా అక్కా, నీ మంచికే" అని సూపర్‌వైజర్ చెప్పాడు. నాకు అప్పటికి మోకాళ్ల నొప్పులు లేవు. తర్వాత వచ్చాయి, అది వేరే సంగతి.

నేను ఊరుకోలేదు. జిల్లా ఆఫీసుకు పోయాను. అక్కడ ఒకాయన అర్జీ చదివి, కళ్లజోడు తీసి, "మీరేం చదివారు?" అన్నాడు. పని నేర్చుకున్నానన్నాను. "ఆ రోజు లోపల మీరున్నారని ఎట్లా నమ్మాలి?" అన్నాడు. మా నర్సింగ్ హోమ్‌లో కోర్సు చదివిన ఒకతని సర్టిఫికెట్ గోడకు ఉండేది, పని నేను చేసేదాన్ని. కాగితాల ప్రకారం ఆ థియేటర్‌లో నేను ఎప్పుడూ లేను. ఫోటోలో లేనట్టే. ఆమె ఊరి పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గరికి కూడా పోయాను. "అయిపోయినదాన్ని మల్ల ఎందుకు తవ్వుతవమ్మా? ఆమె మొగుడే పసుపుతోని అయిందని ఒప్పుకున్నడు. నీకెందుకు నొప్పి?" అన్నాడు. నాకెందుకు నొప్పి అన్నది మంచి ప్రశ్నే.

మత్తు డాక్టరు ఒకసారి నా గుడ్డల గదికి వచ్చాడు. మహారాణీ అనలేదు. డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే. నాకెర్కనే. నేనుంటే బతుకుతుండె."

"మరి చెప్పరాదు సార్, గా మాట బయట?"

"చెప్తే ఏమైతది? నన్ను ఆపుతరు. రేపు కాన్పులకు ఎవ్వడొస్తడు ఈ ఊళ్లె? నువ్వొస్తవా?"

ఏడ్చాడు కూడా. కళ్లు తుడుచుకునేలోపే ఫోన్ మోగింది. "వస్తున్న, వస్తున్న" అంటూ లేచి వెళ్లిపోయాడు. ఆయనను పూర్తిగా ద్వేషిద్దామని చాలా ప్రయత్నించాను. అది కూడా సరిగ్గా చేతకాలేదు.

ఆ జోకు మాత్రం ఆగిపోయింది. మిషన్‌కు కామెర్లు అని మళ్లీ ఎవరూ అనలేదు. దాని బదులు మందుల షాపు పక్కన ఒక బోర్డు వచ్చింది: ఆపరేషన్‌కు వచ్చువారు చేతులు పసుపు లేకుండా శుభ్రపరచుకొని రావలెను. వేరే నర్సింగ్ హోమ్‌లు కూడా అదే మాట చెప్పడం మొదలుపెట్టాయి. పసుపు కాలం వస్తే బయట నల్లా దగ్గర ఆడవాళ్లు రాయి పెట్టి గోళ్లు రుద్దుకోవడం నా గది కిటికీలోంచి కనబడేది. తోలు లేచిన వేళ్లతో లోపలికి వెళ్లేవారు. మత్తు డాక్టరు వచ్చి, సూది ఇచ్చి, ఫోన్ మోగితే వెళ్లిపోయేవాడు. "ఓ అమ్మా, పసుపుతోని ఏం గాదు, ఊకె రుద్దకు" అని కిటికీలోంచి అరిచాను ఒకసారి. ఆమె నా వైపు చూసి, "ముసలమ్మకు ఏమెర్క" అని పక్కామెతో అని, ఇంకా గట్టిగా రుద్దుకుంది.

ఉద్యోగం మానేశాక ఒకరోజు దొంకేశ్వర్ బస్సు ఎక్కాను. ఒక్క మనిషికైనా నిజం చెప్పి తీరాలని. ఆ ఒక్క మనిషికి ఆ నిజం మీద హక్కు ఉంది కదా అనుకున్నాను.

రేకుల ఇల్లు. ముందు పందిరి కింద మంచం మీద ఆమె పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. జుట్టు కత్తిరించారు. ఒంటి మీద పుండు గానీ వాసన గానీ లేదు. ఇన్నేళ్లు మంచం మీద ఉన్న మనిషిని అంత శుభ్రంగా చూసుకోవడం ఎంత పనో నాకు తెలుసు. అతను పక్కన స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేనెవరో చెప్పాను. లేచి, కుర్చీ తెచ్చి వేశాడు. చాయ్ పెట్టి తెచ్చాడు. బాగానే పెట్టాడు.

"తమ్మీ, నీకొకటి చెప్దామని వచ్చిన" అన్నాను. "పసుపుతోని ఏం గాలె. మత్తు డాక్టరు లోపట లేకుండె. మిషన్ ఒర్లితే ఆపేసిన్రు. నేను అక్కడనే ఉన్న. అందరం ఉన్నం. నీ తప్పు లేదు, ఆమె తప్పు లేదు."

అతను శ్రద్ధగా విన్నాడు. పెద్దవాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డు రాకూడదు అన్నట్టు చివరిదాకా విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు మంచిదానివి గాబట్టి గట్లంటున్నవ్ అక్కా. తప్పు నాదే. గా పొద్దుగాల ఆమె చేతులు మంచిగ రుద్దుకొని వస్తనన్నది. బస్సు పోతదని నేనే రెక్క వట్టి గుంజుకొచ్చిన."

"తమ్మీ, నా మాట ఇను. గదే ఏలికి మల్ల మిషన్ మంచిగ..."

"ఇటు సూడు" అన్నాడు. ఆమె చెయ్యి ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. ఎంత మెల్లగా ఎత్తాడో. ఒక్కొక్క వేలే విప్పి చూపించాడు. "దినాం నిమ్మకాయ వెట్టి తోముతున్న. మొదట్ల పోకుండె. ఇప్పుడు సూడు, గోళ్లల్ల గూడ లేదు. ఎంత సాఫ్ అయినయో సూడు."

చూశాను. ఆ చేతులు ఎన్నడూ పొలం ముట్టని చేతుల్లా ఉన్నాయి. గోళ్లు తెల్లగా ఉన్నాయి.

"ఇప్పుడు పెడితే మిషన్ మంచిగ సూపిస్తది గదా అక్కా?"

చూపిస్తుంది. అప్పుడూ చూపించింది. అబద్ధం చెప్పడానికి నేను రాలేదు.

"సూపిస్తది తమ్మీ" అన్నాను.

అతని మొహం వెలిగింది. ఆమె చేతిని నా ఒళ్లోంచి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"గదే నేను అంటున్న. మరి నువ్వు జర సారుకు చెప్పక్కా. చేతులు సాఫ్ అయినయ్, ఇగ తీస్కరమ్మంటే తీస్కొస్తనని చెప్పు."